వదిలితే బతకాలి, లేదంటే కూరొండుకోవాలి



తమ్ముడూ, చెల్లే, ఒక వీడియో గురించి మాట్లాడుకుందాం. నువ్వూ చూసే ఉంటావు. ఏ ఊరిదని అడక్కు. ఏజెన్సీలో ఏ ఏటి ఒడ్డున తీసినా ఆ వీడియో ఒకేలా ఉంటది.

పట్నం నుంచి కారేసుకొచ్చిన ఒకాయన గాలానికి పెద్ద వాలుగ తగులుతుంది. పావుగంట సేపు దాన్ని అటూ ఇటూ ఆడిస్తాడు. అది అలసిపోయాక ఇసుక మీదికి ఈడుస్తాడు. ఎండకు కాలిపోతున్న రాళ్ల మీద అది ఎగిరెగిరి పడుతుంటే పక్కనున్నోళ్లు కేకలేస్తారు. మొప్పలోకి వేళ్లు దూర్చి పైకి లేపుతాడు. ఒక ఫొటో. స్నేహితుడితో ఇంకో ఫొటో. టేపు పెట్టి పొడవు కొలుస్తారు. తూకం కొక్కేనికి వేలాడదీసి బరువు చూస్తారు. ఆఖరికి బండ మీద నిలబడి, బంతి విసిరినట్టు దాన్ని నీళ్లలోకి విసిరేస్తాడు. దభీమని చప్పుడు. వెనక పాట. కింద రాత: 'క్యాచ్ అండ్ రిలీజ్. ప్రకృతిని ప్రేమిద్దాం.'

లైకులు వేలల్లో ఉంటాయి. వీడియోలో ఓ మూలన మన పిల్లగాడొకడు కనబడతాడు. మడుగు చూపించింది వాడే, ఎర తెచ్చింది వాడే, సంచి మోసింది వాడే. వాడూ నవ్వుతుంటాడు.

ఆ చేప మర్నాడు ఏ మలుపులో వెల్లకిలా తేలిందో వీడియోలో ఉండదు.

ఇప్పుడు అదే ఏరు. సాయంత్రం మన అమ్మ బుట్టలో కూరకు సరిపడా పరిగెలు, ఓ రెండు జెల్లలు వేసుకొని గట్టెక్కుతుంది. 'ఎవర్నడిగి పట్టావ్?' అని ఒక గొంతు. గాలం ఆయన్ని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆయనకు దండం పెట్టి గేటు తీశారు. ఆయన చేసింది ప్రకృతి రక్షణ అట. అమ్మ చేసింది దొంగతనమట.

నేను ఇక్కడ రెండు మాటలు చెప్పదలుచుకున్నా. ఒకటి: వదిలిన చేప బతకకపోతే అది వదలడం కాదు, ఫొటో దిగి చంపడం. రెండు: ఏ చేపను పట్టాలి, ఏ చేపను వదలాలి, ఏ నెలలో గాలమే వేయకూడదు అనే నిర్ణయం ఊరిది. కారులో వచ్చినోడిది కాదు, గేటు దగ్గర కూర్చున్నోడిది కాదు. అయితే ఆ నిర్ణయం మన చేతికి రావాలంటే ముందు మనం కొన్ని నేర్చుకోవాలి, కొన్ని మానుకోవాలి. కోపగించుకోకుండా చివరిదాకా చదువు.

నీళ్లలోంచి తీస్తే చేపకు ఏమవుతుంది?

నిన్నెవడైనా కిలోమీటరు దూరం ప్రాణభయంతో పరిగెత్తించి, ఆగిన మరుక్షణం నీ తల నీళ్లలో ముంచి పట్టుకున్నాడనుకో. గాలం నుంచి తీసి ఫొటోకు పట్టుకున్న చేప పరిస్థితి సరిగ్గా అదే. గాలంతో పెనుగులాడినంతసేపూ దాని కండరాల్లో ఆమ్లం పేరుకుంటుంది. తేరుకోవడానికి దానికి ఆ క్షణాన ఆక్సిజన్ ఎప్పటికన్నా ఎక్కువ కావాలి. ఆ క్షణానే మనం దాన్ని పైకి తీస్తాం. నీళ్లలో పువ్వులా విచ్చుకొని ఉండే మొప్పల పొరలు గాలిలోకి రాగానే ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఊపిరి ఆగిపోతుంది.

1992లో అచ్చయిన ఒక కెనడా పరిశోధన ఉంది. రెయిన్‌బో ట్రౌట్ చేపల్ని అలసిపోయేదాకా తరిమి, 12 గంటలు గమనించారు. తరిమి, గాలిలోకి తీయకుండా వదిలినవాటిలో నూటికి 12 వంతున చచ్చిపోయాయి. తరిమి, 30 సెకన్లు గాలిలో ఉంచినవాటిలో నూటికి 38. ఒక్క నిమిషం ఉంచినవాటిలో నూటికి 72. ట్రౌట్ చల్లటి నీళ్ల చేప. మన బొచ్చెకో శీలావతికో ఇవే లెక్కలు వర్తిస్తాయని నేను అనను. కానీ దారి మాత్రం అదే. గాలిలో గడిచే ప్రతి పది సెకన్లూ చేప ప్రాణంలోంచి కోసుకున్న ముక్కే.

ఇంకో సంగతి, అవి వదలగానే చావలేదు. ఈదుకుంటూ వెళ్లి తర్వాత చచ్చాయి. అందుకే వీడియో తీసినోడికి తను చంపానని ఎప్పటికీ తెలియదు. 'చూశావా, ఎంత బాగా ఈదుకుంటూ పోయిందో' అంటాడు. నిజంగానే నమ్ముతాడు.

ఎండాకాలం మరీ ఘోరం. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో కలిసే ఆక్సిజన్ తగ్గిపోతుంది. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు పడితే, 30 డిగ్రీల నీటిలో ఏడున్నర దగ్గర ఆగిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో వాగు తెగిపోయి మడుగులుగా మిగులుతుంది. ఏరంతటి చేప ఆ నాలుగు మడుగుల్లో తలదాచుకుంటుంది. సెలవులని టూరిస్టులు ఎక్కువగా దిగేది కూడా అప్పుడే. ఆ వేడిలో సరదాకు పట్టి వదలడం అనేదే ఉండకూడదు. కూరకు పట్టుకో, తిను. ఆటకు మాత్రం వద్దు.

ఇక చేప ఒంటి మీది జిగురు. చాలామందికి అది అసహ్యం. చేపకు అదే కవచం. బూజు, పురుగు, రోగం లోపలికి రాకుండా ఆపేది ఆ పొరే. పొడి చేత్తో, తువ్వాలుతో, వేడి ఇసుకతో దాన్ని తుడిచేశావంటే తోలు ఒలిచి ఇంటికి పంపినట్టే.

చేత్తో ముట్టుకునే పద్ధతి

గైడుగా వెళ్లే తమ్ముళ్లు ఈ భాగం గుర్తుపెట్టుకోండి. పట్నపాయన వినకపోతే గట్టిగా చెప్పండి. మడుగు మీది, మాట కూడా మీదే ఉండాలి.

గాలం వేయకముందే పని మొదలవ్వాలి. గాలం కొన దగ్గర వెనక్కి తిరిగిన చిన్న ముల్లు ఉంటది కదా, చేప జారిపోకుండా పట్టేది. వదిలే ఉద్దేశమే ఉంటే దాన్ని పటకారుతో నొక్కి చదును చెయ్యమను. అప్పుడు గాలం ఒక్క గుంజుతో ఊడొస్తుంది. మూడు ముళ్ల గాలాలు అసలు వద్దు, ఒకటి నోట్లో దిగితే ఇంకోటి కంట్లో దిగుతుంది. ఎర వేసే పనైతే గుండ్రంగా లోపలికి వంగిన గాలం మేలు. అది కడుపులోకి పోకుండా మూతి మూలన పట్టుకుంటుంది. దాంతో వేసినప్పుడు చటుక్కున గుంజకూడదు, తాడు బిగిసేదాకా ఆగి మెల్లగా లాగాలి.

సన్నటి తాడు పెట్టి అరగంట ఆడించడం మగతనం కాదు. గట్టి తాడు పెట్టి త్వరగా ఒడ్డుకు తెచ్చేవాడే పనోడు.

చేప దగ్గరికి వచ్చాక ఇసుక మీదికి ఈడవొద్దు. నువ్వే మోకాల్లోతు నీళ్లలోకి దిగు. చేతులు బాగా తడుపుకో. ముడులున్న నైలాన్ వల పొలుసుల్ని, రెక్కల్ని చీల్చేస్తుంది, ముడుల్లేని మెత్తటి వల ఉంటే సరే. ఒక చెయ్యి తోక మొదట్లో, ఇంకో చెయ్యి పొట్ట కింద. చేప ఎప్పుడూ అడ్డంగానే ఉండాలి. పెద్ద చేపను మూతి పట్టి నిలువుగా వేలాడదీస్తే దాని బరువే దాని దవడనూ లోపలి భాగాలనూ దెబ్బతీస్తుంది. నీళ్లలో దాని బరువును నీళ్లే మోస్తాయి, గాలిలో మోసేవాళ్లు లేరు. మొప్పల్లో వేళ్లు పెట్టడం అంటే ఊపిరితిత్తుల్లో చెయ్యి పెట్టడమే. జెల్లను పట్టేటప్పుడు వీపు మీదా పక్క రెక్కల దగ్గరా ఉండే ముళ్లు చూసుకో, వాలుగ పళ్లు చూసుకో. దానికే కాదు, నీకూ దెబ్బ తగలకూడదు.

గాలాన్ని నీళ్లలో ఉంచే తియ్యి. లోతుగా మింగేసి ఉంటే పీక్కురాకు, పేగులు వస్తాయి. మూతి దగ్గర తాడు కోసేసి వదులు. లాగి తీసినదానికన్నా తాడు కోసి వదిలినదే బతకడానికి ఎక్కువ వీలుంది. ఫొటో కావాలంటే చేప నీళ్లలో ఉండగానే తీసుకోమను. పైకి లేపాల్సే వస్తే, లేపుతూ నీ ఊపిరి బిగబట్టు. నీకు ఉక్కిరిబిక్కిరి అయ్యేలోపు అది నీళ్లలోకి వెళ్లిపోవాలి.

వదలడం అంటే విసరడం కాదు. పారే నీటికి ఎదురుగా తల పెట్టి, నిటారుగా పట్టుకొని ఉండు. నీళ్లు నోట్లోంచి మొప్పల్లోకి వాటంతట అవే పోతాయి. ముందుకూ వెనక్కూ ఊపొద్దు, వెనక్కి లాగితే నీళ్లు తప్పు దారిన పోతాయి. తోకలో బలం వచ్చి నీ చేతిని తోసుకొని వెళ్లేదాకా ఆగు. ఒక నిమిషం పట్టొచ్చు, ఐదు నిమిషాలు పట్టొచ్చు. పావుగంట ఆడించినోడికి ఐదు నిమిషాలు ఆగే ఓపిక లేకపోతే వాడికి గాలం పట్టే అర్హత లేదు.

మొప్పల్లోంచి నెత్తురు కారుతుంటే? పక్కకు ఒరిగిపోయి ఎంతసేపు పట్టుకున్నా లేవకపోతే? అది బతకడం కష్టం. దాన్ని నీళ్లలో పారేసి 'వదిలేశా' అని చెప్పుకోవడం పాపం. ఇంటికి తీసుకెళ్లు. పసుపూ కారం వేసి వండుకో, పక్కింటికి ఒక గిన్నె పంపు. తినడంలో సిగ్గు లేదు. చంపి కాపాడానని చెప్పుకోవడంలో ఉంది సిగ్గు.

కొర్రమీను విషయంలో ఇంకో లెక్క

పైన చెప్పినవన్నీ అన్ని చేపలకూ ఒక్కలాగే వర్తించవు. కొర్రమీను సంగతి వేరు. అది నీళ్లలో ఉన్నా పైకొచ్చి గాలి పీల్చుకోవాల్సిందే. అందుకే తడిగుడ్డలో చుట్టినా చాలాసేపు బతుకుతుంది, వలలో చిక్కి పైకి రాలేకపోతే మాత్రం నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. 'కొర్రమీను గట్టిది, ఏం కాదు' అని బండ మీద కొట్టి ఆడుకునేవాళ్లు అందుకే ఎక్కువ. గాలి పీలుస్తుందని దాని దవడ ఇనుపది కాదు, దాని జిగురు మళ్లీ రాత్రికి రాత్రే రాదు.

అసలు సంగతి పిల్లల కాలంలో ఉంది. వానలు పడ్డాక, గడ్డి మొలిచిన ఒడ్డున, నీటి మీద ఎర్రెర్రగా కదిలే పిల్లల గుంపు నువ్వు చూసే ఉంటావు. దాని కిందే తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. ఆ గుంపు దగ్గర ఏం పడినా కరుస్తాయి. ఆకలితో కాదు, పిల్లల మీదికి ఎవరో వచ్చారన్న కోపంతో. కప్ప బొమ్మ గాలాలు పట్టుకొచ్చే సరదారాయుళ్లు వెతికేది ఆ గుంపునే, ఎందుకంటే అక్కడ వేస్తే తప్పకుండా పడుతుంది. పట్టినదాన్ని వదిలినా నష్టమే. అది ఒడ్డున ఫొటోలు దిగేలోపు చుట్టూ ఉన్న చేపలు పిల్లల్ని మింగేస్తాయి. ఒక్క ఫొటోకు ఒక తరం పోతుంది.

తెలంగాణకు రాష్ట్ర చేప కొర్రమీను. బోర్డు మీద బొమ్మ వేసుకోవడం తేలిక. పిల్లల గుంపు కనబడితే గాలం వెనక్కి తీసుకోవడమే గౌరవం. ఈ మాట టూరిస్టుకే కాదు తమ్ముడూ, నీక్కూడా.

ఇది కొత్త కథ కాదు

గాలం దొర రక్షకుడు, బుట్ట పట్టిన ఆదివాసీ నాశనకారి. ఈ ఆలోచన ఇన్‌స్టాగ్రామ్‌లో పుట్టలేదు. దీనికి నూట యాభై ఏళ్లున్నాయి.

మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేసిన హెచ్.ఎస్. థామస్ అనే అధికారి 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా' అని పుస్తకం రాశాడు. మన దేశపు నదుల్లో గాలమేసి ఆడుకోవాలనుకునే దొరలకు అది మార్గదర్శి. అదే 1873లో ఫ్రాన్సిస్ డే మంచినీటి చేపల మీద ప్రభుత్వానికి నివేదిక ఇచ్చాడు. సన్న కన్ను వలలు, మావులు, అడ్డుకట్టలు చేపల్ని తుడిచిపెడుతున్నాయని ఆ కాలపు అధికారుల గోడు. 1897లో ఇండియన్ ఫిషరీస్ యాక్ట్ వచ్చింది. మందుగుండు పేల్చీ విషం కలిపీ చేపల్ని చంపకూడదన్నది ఆ చట్టం. ఆ నిషేధం సరైనదే, దాన్ని నేను తప్పుపట్టను. నేను తప్పుపట్టేది చూపును. అడవి నరికి స్లీపర్లు చేసిందెవరు, ఆనకట్టలు కట్టి చేప దారి మూసిందెవరు? ఆ లెక్క ఎవరూ అడగలేదు. లెక్క ఎప్పుడూ బుట్ట దగ్గరే మొదలైంది.

1946లో కబిని నదిలో వాన్ ఇంగెన్ అనే ఆయన 120 పౌన్ల మహసీర్‌ను గాలంతో పట్టాడు. అంటే 54 కిలోలు. ఆ రికార్డు ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటి చేపల్ని మన వాళ్లు చూడలేదా? చూశారు. వాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు, అంతే తేడా.

కావేరి సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే అందులో మనకు రెండు పాఠాలున్నాయి. కర్ణాటకలో గాలిబోరె క్యాంపు దగ్గర 1998 నుంచి 2012 దాకా గాలమేసినవాళ్లు పట్టి వదిలిన మహసీర్ లెక్కలు పుస్తకంలో రాసిపెట్టారు. తర్వాత శాస్త్రవేత్తలు ఆ లెక్కలు తిరగేస్తే భయంకరమైన నిజం బయటపడింది. మొత్తం చేపల సంఖ్య పెరుగుతోంది, కానీ కావేరికే సొంతమైన మూపురం మహసీర్ మాయమైపోతోంది. దాని చోటును ఆక్రమించింది బయటి నుంచి తెచ్చి వదిలిన నీలిరెక్కల మహసీర్. ఎవరో మంచి ఉద్దేశంతోనే హేచరీలో పిల్లల్ని పెంచి నదిలో వదిలారు, ఆ నది సొంత చేపకు అదే ఉరితాడైంది. 2018లో ఐయుసిఎన్ ఆ మూపురం మహసీర్‌ను తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించింది.

మొదటి పాఠం: 'వదిలాం' అన్న మాటకు విలువ లేదు. ఏం వదిలారు, ఎక్కడ వదిలారు, ఎవర్నడిగి వదిలారు అనేదానికే విలువ.

రెండో పాఠం మనకు కొంచెం చేదుగా ఉంటది. ఆ గాలం వాళ్లు లెక్క రాశారు కాబట్టే లోకం నమ్మింది. న్యాయంగా ఒప్పుకుందాం, ఆ పుస్తకం లేకపోతే ఆ చేప పోయిన సంగతి కూడా తెలిసేది కాదు. మరి మన తాతకు తెలిసిన లెక్క? ఏ వానకు ఏ చేప ఎదురెక్కుతుంది, ఏ మడుగు ఏ ఎండకూ ఎండదు, నలభై ఏళ్ల కింద పడ్డ ఏ చేప ఇప్పుడు పడట్లేదు? అదంతా తాతతోపాటే మట్టిలో కలుస్తోంది. రాయలేదు కాబట్టి అది 'డేటా' కాదు. డేటా లేదు కాబట్టి మనం రక్షకులం కాదు.

ఇక మన తప్పుల సంగతి

ఇక్కడిదాకా లైకు కొట్టుకుంటూ వచ్చినవాళ్లు ఇక్కడ ఆగి చదవండి.

ట్రాన్స్‌ఫార్మర్ నుంచో ఇన్వర్టర్ బ్యాటరీ నుంచో కరెంటు తీగ నీళ్లలో పెట్టేది ఎవరు? మడుగులో బ్లీచింగ్ పౌడర్ గుమ్మరించేది ఎవరు? క్వారీ నుంచి తెచ్చిన మందుగుండు పేల్చి, తేలినవాటిలో పెద్దవి ఏరుకొని చిన్నవి కుళ్లబెట్టేది ఎవరు? అన్నిచోట్లా బయటోళ్లేనా? దోమతెర అడ్డం కట్టి గోరంత పిల్లను కూడా తోడేసేది ఎవరు? గుండె మీద చెయ్యేసుకొని చెప్పు.

తాతల కాలంలో ఆకు పసరు కలపలేదా అంటావు. కలిపారు. ఊరంతా కూడి, పెద్దలు చెప్పిన రోజున, చెప్పిన మడుగులో కలిపారు. పట్టింది ఊరంతా పంచుకున్నారు. ఆ మడుగు ఏ మడుగో, మళ్లీ ఎప్పుడో, దానికి లెక్కుంది, కట్టుబాటుంది. నువ్వు రాత్రి పూట ముగ్గురు దోస్తులతో పోసే బ్లీచింగ్‌కు ఏ కట్టుబాటుంది? చేపతోపాటు చేప తినే పురుగూ చస్తది, గుడ్డూ చస్తది, కింద ఊరి ఆడబిడ్డ బిందె ముంచే నీళ్లూ పాడవుతాయి. కరెంటు తీగకు తెలియదు నువ్వు మనిషివో చేపవో.

ఆ పని ఒక్కడు చేస్తే చాలు. గేటు దగ్గర గొంతుకు అది ఆయుధం. 'చూశారా, వీళ్ల చేతికిస్తే ఏరు ఖాళీ' అంటారు. ఆ మాట పదేళ్లపాటు మన ప్రతి దరఖాస్తు మీదా కూర్చుంటుంది.

ఇంకోటి. రీల్స్ పిచ్చి మనకూ అంటింది. మన పిల్లలు కూడా మొప్పల్లో వేలు పెట్టి, బతికున్న చేపను నిలువుగా వేలాడదీసి, పది సార్లు 'ఇంకోసారి తియ్‌రా' అంటున్నారు. మన పెద్దలు చేపతో ఆడుకోలేదు. పట్టారు, తిన్నారు, లేదంటే వదిలారు. ఈ మూడే ఉన్నాయి మనకు. ఆడించి చంపడం అనే నాలుగోది మనది కాదు, దాన్ని అరువు తెచ్చుకోవద్దు.

హక్కు ఎక్కడ రాసుంది?

'ఎవర్నడిగి పట్టావ్' అన్నోడికి జవాబు చట్టంలోనే ఉంది. అటవీ హక్కుల చట్టం, 2006. సెక్షన్ 3(1)(డి). చేపలు, నీటి వనరుల ఇతర ఉత్పత్తులు వాడుకోవడం సామూహిక హక్కు అని అందులో పేరు పెట్టి రాశారు. సామూహిక హక్కుల దరఖాస్తు ఫారం-బిలో చేపలు, నీటి వనరుల కోసం ప్రత్యేకంగా ఒక వరుస ఉంది. మీ ఊరి దరఖాస్తు కాపీ తీసి చూడు. ఆ వరుస నిండి ఉందా, ఖాళీగా ఉందా? అందులో మీ వాగు పేరు, మీ మడుగుల పేర్లు, మీ రేవుల పేర్లు ఉన్నాయా? లేకపోతే గ్రామసభ పెట్టించు. పోడు పట్టా కోసం ఎన్నిసార్లు తిరిగామో మనకు తెలుసు. ఏటి కోసం కూడా తిరగాలి.

సెక్షన్ 3(1)(ఐ) సామూహిక అటవీ వనరును కాపాడే, నిర్వహించే హక్కు ఇస్తుంది. సెక్షన్ 5 ఇంకా ముందుకెళ్తుంది. ఆ వనరులోకి ఎవరు రావాలో నియంత్రించడానికీ, అడవికీ వన్యప్రాణికీ జీవవైవిధ్యానికీ హాని చేసే పనిని ఆపడానికీ గ్రామసభ తీసుకున్న నిర్ణయం అమలయ్యేలా చూసే అధికారం అందులో ఉంది. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణను పంచాయతీలకు అప్పగించమంది. 2011లో కర్ణాటకలోని బిలిగిరి రంగన కొండల్లో సోలిగలు టైగర్ రిజర్వ్ లోపలే సామూహిక హక్కులు సాధించుకున్నారు. పులుల అడవిలో సాధ్యమైంది మన వాగు దగ్గర ఎందుకు కాదు?

కానీ చూడు, హక్కు కాగితంతోపాటే బాధ్యత కూడా అదే చట్టంలో ఉంది. మన హక్కు చేపను తినే హక్కు మాత్రమే కాదు, చేపను కాపాడే హక్కు. రెండోది వాడకపోతే మొదటిది కూడా లాక్కుంటారు.

గ్రామసభలో పెట్టాల్సిన మాటలు

వచ్చే గ్రామసభకు ఈ ఐదు మాటలు పట్టుకెళ్లు. మార్చుకోండి, చేర్చుకోండి, కానీ తీర్మానం పుస్తకంలోకి ఎక్కించండి.

ఒకటి. తొలి వరదకు చేప ఎదురెక్కే రోజుల్లో, గుడ్లు పెట్టే నెలల్లో ఎక్కడ ఏది పట్టకూడదో పెద్దల్ని అడిగి ఊరే తేదీలు పెట్టాలి. గుడ్లతో పొట్ట నిండిన చేప ప్రాణంతో వలలో పడితే అక్కడే, తడి చేత్తో, వదిలేయాలి. కొర్రమీను పిల్లల గుంపు దగ్గర గాలం, వల, కప్ప బొమ్మ ఏదీ వేయకూడదు.

రెండు. ఎండాకాలంలో ఎండిపోని ఒక్క లోతు మడుగునైనా ముట్టని మడుగుగా ఉంచాలి. ఏటికి విత్తనం అదే.

మూడు. కరెంటు, బ్లీచింగ్, మందుగుండు, దోమతెర నిషేధం. చేసినోడు మన సర్పంచి కొడుకైనా సరే జరిమానా.

నాలుగు. బయటివాళ్లు సరదాకు గాలం వేయాలంటే గ్రామసభ అనుమతి తీసుకోవాలి. రుసుము ఊరి ఖాతాకు. వెంట మన గైడు, మన నియమాలు: చదును చేసిన గాలం, తడి చేతులు, నీళ్లలోనే ఫొటో. ఏప్రిల్, మేలో అనుమతి లేదు. గైడు తమ్ముడి కూలి పోతుందని భయపడొద్దు. ఇవాళ వాడు సంచి మోసినందుకు ఇచ్చింది పుచ్చుకుంటున్నాడు. రేపు నియమం చెప్పే మనిషిగా నిలబడతాడు. ఆ రెండింటికీ తేడా వాడి నడకలోనే తెలుస్తది.

ఐదు. చేపల పుస్తకం. రెండొందల పేజీల నోటుబుక్కు చాలు. ఎవరు, ఎక్కడ, ఏ రోజు, ఏ చేప, ఎంత పొడవు, తిన్నారా వదిలారా. చేప పేరు మన భాషలోనే రాయండి. కోయలో, గోండిలో, కొండరెడ్ల వాడుకలో ఏ పేరుంటే ఆ పేరు. బడికెళ్లే చెల్లెళ్లు రాయాలి, తాతలు చెప్పాలి. ఐదేళ్లు రాస్తే ఆ పుస్తకం ముందు ఏ అధికారీ 'మీకేం తెలుసు' అనలేడు.

కొందరు అంటారు, 'ఆకలితో ఉన్నోడికి చేప వదలమని చెప్తావా' అని. లేదు. కూరకు పట్టిన చేపను వదలమని ఎవడైనా అంటే ముందు నేనే ఎదురు నిలబడతా. నేను అడిగేది ఒక్కటే. రేపటి కూరను ఇవాళ చంపొద్దు. పొట్ట నిండా గుడ్లున్నదాన్ని వదలడం టూరిస్టు దగ్గర నేర్చుకోవాల్సిన మర్యాద కాదు, అది మన ఇంట్లో ఉన్నదే. మధ్యలో మరిచిపోయాం. మనం మరిచిపోయినదాన్నే వాళ్లు ఇంగ్లీషు పేరు పెట్టి, తప్పుగా చేసి, మళ్లీ మనకే పాఠం చెప్తున్నారు.

కాబట్టి రేపు ఆ ఏటి ఒడ్డున కెమెరా తెరిచినోడు చేపను మొప్పల్లో పట్టి లేపితే, మూలన నిలబడి నవ్వకు. ముందుకు నడువు. 'సార్, చేతులు తడుపుకోండి. చేపను నీళ్లలో పెట్టండి. ఇది మా ఏరు, ఇక్కడ ఇట్లాగే వదలాలి' అని చెప్పు. వింటే మంచిదే. వినకపోతే ఆ చేపను వాడి చేతిలోంచి తీసుకొని నువ్వే నీళ్లలోకి దిగు. తల పారే నీటికి ఎదురుగా పెట్టు. తోక కొట్టుకొని వెళ్లేదాకా పట్టుకొని ఉండు.

ఆ వీడియో ఎవరైనా తీస్తే తియ్యనీ.

జల్, జంగల్, జమీన్ మనవే. జల్ అంటే నీళ్లొక్కటే కాదు, అందులో ఈదే చేప కూడా.

మావ నాటె, మావ రాజ్!